పక్క చేనికి తవ్విన కాలువ

పంటను కాపాడుకోవడానికి ఏ ప్రాంతం రైతు ఎంత ఖర్చు పెడతాడు, అంతా చేశాక వరదకో పురుగుకో ఎంత పోగొట్టుకుంటాడు? డెబ్భైల చివర్లో తిరుపతిలో చదువుకునే రోజుల్లో మా మాస్టారు ఈ ప్రశ్నతో ఒక కట్ట ఫారాలు నా చేతికిచ్చి ఊళ్ళమీదికి తోలారు. నాలుగు బస్సులెక్కి దిగితే అయిపోయే పని అనుకున్నాను.

ముందు ఏర్పేడు. పొద్దున్నే కాళహస్తి బస్సెక్కితే గంటలోపే దిగిపోవచ్చు. అక్కడి వరి రైతు మందులకూ పిచికారీ మిషనుకూ పెట్టిన ఖర్చంతా వేళ్ళమీద చెప్పాడు. పంట మాత్రం స్వర్ణముఖి పొంగి కొట్టుకుపోయిందట. "మందుకి బెదిరేది పురుగబ్బా, ఏరు బెదురుతాదా?" అన్నాడు. నా ఫారంలో ఖర్చు గడీ నిండింది, నష్టం గడీ నిండింది.

మర్నాడు ఆరింటికి చిత్తూరు బస్సు. టికెట్టు అయిదు రూపాయల లోపే. చిత్తూరులో ఇడ్లీ తిని, ఐరాల బస్సు కోసం గంట నిలబడ్డాను. కండక్టరు నా చెప్పులు చూసి, "సేలల్లోకి పోతాండారా సార్? గొంగళి పురుగు లేసిండాది, కాళ్ళు జాగర్త" అన్నాడు. నేను పట్టించుకోలేదు. ఆ తప్పుకి రెండు రోజులు గోక్కున్నాను.

పదకొండింటికి ఐరాల దాటి నడిచేసరికి మునస్వామి అనే రైతు వేరుశనగ చేను కనిపించింది. ఆకన్నది లేదు, ఈనెలే మిగిలాయి. ఎర్ర గొంగళి పురుగులు ఆ చేనంతా తినేసి, నేలే కదులుతున్నట్టు పక్క చేనివైపు పాకుతున్నాయి. ఆ పక్క చేను వెంకటమ్మది. భర్త లేడు, ఉన్నది ఆ ఎకరమే. మధ్య గట్టు పొడవునా పాతికమంది కాలువ తవ్వుతున్నారు. వెంకటమ్మ చేనివైపు అంచు నిటారుగా కోస్తే, అందులో పడిన పురుగు పైకి ఎక్కలేదు. అందరికంటే ముందు పార వేస్తున్నది మునస్వామే.

"నీ చేను పోయింది కదన్నా, ఇక్కడ తవ్వుతున్నావేం?" అని అడిగాను.

"అందుకే గదప్పా. నా సేన్లో లేసిన పురుగు. ఆయమ్మ సేను మీదికి పోకుండా నేనే ముందు పార ఎయ్యాల. ఈడ అంతే" అన్నాడు నడుం ఎత్తకుండా.

ఫారాల మీద రాయి పెట్టి, నేనూ మట్టి ఎత్తాను. ఇంకా పది బారలు తవ్వాల్సి ఉండగానే పురుగు వచ్చేసింది. ఆడవాళ్ళు వేపమండలతో వెనక్కి ఊడ్చారు. మూడింటికి కాలువ పూర్తయింది. పురుగులు కుప్పలు కుప్పలుగా అందులో పడుతుంటే అలాగే చూస్తూ నిలబడిపోయాను. అవతల వెంకటమ్మ చేను పచ్చగా ఉంది.

ఆమె అందరికీ మజ్జిగ పోస్తుంటే ఫారం తీశాను. "పంట కాపాడుకోడానికి ఎంత ఖర్చయిందమ్మా?"

"దుడ్డు యాడిది నాయనా? ఆయప్ప రెక్కలుండాయి గదా" అని మునస్వామి వైపు చూసింది.

అయిదున్నర బస్సులో ఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. మునస్వామిది నష్టం చేనంతా, ఖర్చు సున్నా. వెంకటమ్మది రెండూ సున్నాలే. ఆ పూట నేను చూసిన పని ఏ గడిలోనూ లేదు. అంతా పోయినవాడు పక్క చేనికోసం అలా నడుం వంచడం తలుచుకుంటే ఇన్నేళ్ళయినా ఆశ్చర్యం తీరదు.

ఇలాంటి పనిమీద అటు వెళ్ళేవారికి ఒక్క మాట. ఎవరి పంటయినా నిలిచిందంటే, ఖర్చెంతని ఆ రైతునొక్కడినే అడిగి వచ్చేయకండి, పక్క చేనాయన్ని కూడా అడగండి. నేను వెంకటమ్మ ఫారంలో ఖర్చు దగ్గర సున్నా కొట్టేసి, మునస్వామి పేరు రాసి మాస్టారికిచ్చాను.