ఆపమని రాయని ఉప్పు

మంచిర్యాల జిల్లా ఏర్పడిన మరుసటి వానాకాలంలో నన్ను అక్కడి ఒక భారీ వాహనాల వర్క్‌షాపుకు సీనియర్ కెమిస్టుగా వేశారు. డంపర్లు కడిగిన నీళ్లను శుద్ధి చేసే యూనిట్ నా బాధ్యత. గ్రీజు, ఇంజనాయిలు, సబ్బు కలిసిన ఆ నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయి. ఎంతసేపు నిలవబెట్టినా నూనె పైకి తేలదు. అందుకని తొట్టిలో అల్యూమినియం పలకలు దించి కరెంటు పంపుతాం. పలక కొద్దికొద్దిగా కరిగి నూనె బొట్లను ముద్దగా చేరుస్తుంది. అక్కడే పుట్టే బుడగలు ఆ ముద్దను పైకి తేలుస్తాయి. తెట్టు తీసేస్తే కింద తేటనీరు.

తొలకరిలోనే గట్టి వానలు పడి, యార్డులోని వాన నీళ్లన్నీ తొట్టిలో చేరాయి. వాన నీటిలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు. ఆంపియర్ల ముల్లు పడిపోయింది. ప్రతి తొట్టికీ ఉప్పు కలపాలని లాగ్‌బుక్కులో నేనే రాశాను. ముల్లు లేచింది, నీళ్లు అద్దంలా వచ్చాయి. ఆ నీళ్లు గ్లాసులో పట్టి మేనేజరు ముందు నేను కొట్టిన పోజు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత వాన ముఖం చాటేసింది. నారుమడి ఎండుతోందని, గోడ అవతలి రైతు ఓదెలు మా నీళ్లు అడిగాడు. ల్యాబు రిపోర్టులో నూనె పరిమితిలోపే ఉంది. పెట్టుకోమన్నాను.

వారం తిరక్కముందే వచ్చి, నన్ను వెంటబెట్టుకుపోయి నారు చూపించాడు. కొసలన్నీ మాడిపోయాయి. పైపు కింద వేలు తడిపి నాలుకకు రాసుకుని, "ఉప్పగున్నయి గదా మేడం. గివి పొలానికి పెట్టే నీళ్లేనా?" అన్నాడు. నూనె పరీక్షకు ఎన్ని సీసాలు పంపానో లెక్కలేదు. ఉప్పు సంగతి ఒక్కసారీ తట్టలేదు.

వానలు ఆగినా ఉప్పెందుకు వేస్తున్నావని ఆపరేటరు సమ్మయ్య మీద ఇంతెత్తున లేచాను. అతను లాగ్‌బుక్కు తెరిచి నా సంతకం చూపించాడు.

"మీరు ఎయ్యుమన్నరు మేడం. ఆపుమనలే."

తల కొట్టేసినట్టయింది. ఓదెలు దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. అతను తిట్టలేదు. "మల్ల అలుకుడే" అంటూ, మళ్లీ విత్తనాలు చల్లడానికి మడి వైపు నడిచాడు. ఆలస్యం వల్ల ఆ ఏడు సగం పొలంలోనే నాట్లు పడ్డాయి.

వాన నీటికి వేరే కాలువ తీయించాక ఉప్పు అవసరమే పోయింది. మిగిలిన సర్వీసంతా, ఏది కలపమని రాసినా ఎప్పుడు ఆపాలో కూడా రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాను.