కాస్త చూడు

మా సరిహద్దు చెక్‌పోస్టులో తుపాకుల కౌంటరు పెద్దాయన్ని చాటుగా మేమందరం భూతద్దం అనేవాళ్లం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క తుపాకీ నంబరు కూడా అద్దం పెట్టకుండా చదవలేదు మరి. లైసెన్సు, దిగుమతి పర్మిటు, ఇనుము మీది నంబరు మూడూ కలిసినా తృప్తి ఉండేది కాదు. తెచ్చినవాణ్ణి బయట కూర్చోబెట్టి, భార్యని పక్కగదిలోకి పిలిచి, "ఇది ఇంట్లోకి రావడం నీకిష్టమేనా తల్లీ?" అని అడిగేవాడు. అది రూల్లోనే ఉంది. ఆవిడ కాదంటే, ఏదో కాగితం తక్కువైందని చెప్పి తుపాకీని మా బీరువాలోనే పెట్టేసేవాడు. మేమైతే టీ చల్లారిపోతుందని, ఫారంలో భార్య ఇష్టం రాయాల్సిన గడి మేమే నింపేసేవాళ్లం.

ఆ మధ్యాహ్నం పిస్తోలు పెట్టెతో వచ్చింది ఆయన అల్లుడే. వెనకే కూతురు. సొంతవాళ్ల ఫైలు ముట్టుకోకూడదు గనక పెద్దాయన లేచి, నా భుజం మీద చెయ్యేసి, "కాస్త చూడు," అని బయటికి వెళ్లిపోయాడు.

ఎన్నడూ ఎవరికీ సిఫారసు చెయ్యని మనిషి! ఆఫీసుల్లో ఆ మాటకి అర్థమేమిటో అందరికీ తెలిసిందే. నేను పొంగిపోయాను.

అల్లుడు పెట్టె మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. చప్పుడైనప్పుడల్లా ఆ పిల్ల ఉలిక్కిపడుతోంది. అతను చెయ్యి చేసుకుంటాడని ఎప్పుడో నా చెవిన పడింది. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు. అయినా పెద్దాయన మాట పోకూడదని గడిలో "ఇష్టమే" అని రాసి ముద్ర కొట్టేశాను.

"బాబాయ్, నన్ను లోపలికి పిలవరా?" అంది పిల్ల.

"నీకెందుకమ్మా శ్రమ, మనవాళ్లే కదా!"

అల్లుడు తల తిప్పి ఆమెని చాలాసేపు చూశాడు. తర్వాత వాళ్ల కారు గేటు దాటింది.

పెద్దాయన పరుగున వచ్చాడు. "ఏమంది అమ్మాయి?"

"అడగలేదు సార్. మీరు చూడమన్నారుగా..."

"సరిగ్గా చూడమన్నానురా, దౌర్భాగ్యుడా! 'ఇంట్లో వద్దనే ధైర్యం లేదు నాన్నా, ఆ గదిలో అడిగితే చెప్తాను' అని పొద్దున ఫోన్లో ఏడ్చింది."

వెంటనే కూతురికి ఫోన్ చేశాడు. అల్లుడే ఎత్తాడు. అతని గొంతు నాకూ వినిపించింది, ఎంతో నెమ్మదిగా.

"తర్వాత చెయ్యండి మామయ్యగారూ. లోపలికి పిలిస్తే ఏం చెప్పేదో, ముందు నాకు చెప్పాలి కదా."