పాతర రాగులు

ఇప్పటి ట్రాక్టరు తాళంచెవి తిప్పితే పలుకుతుంది. తొంభైలలో నేను తోలినదానికి ముందువైపు ఇనప హ్యాండిల్ దూర్చి, నడుము పట్టేసేదాకా తిప్పాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు పోయినట్టే. అందుకే సాయంత్రం మిట్ట మీద నిలిపి, పొద్దున బ్రేకు వదిలేవాణ్ణి. పల్లానికి దొర్లుతూ దగ్గుకుంటూ లేచేది. చిక్కపేటలో విడిభాగాల కొట్టువాళ్ళు దాని మోడలు చెప్పగానే దండం పెట్టేవాళ్ళు. అయినా బొమ్మసంద్ర అవతల మా పల్లెలో ట్రాక్టరు తోలేది నేనొక్కణ్ణే. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి అంతకన్నా ఎత్తైన సీటు ఎవరిస్తారు?

బండి మా ఆసామిది, నేను జీతగాణ్ణి. ఆయన చేలు దున్నేది నేను, విత్తేది మాత్రం ఒక ముసలాయన. చుట్టం కాదు, ఊరివరసకి మామ. ఆయన భార్య తమ ఎద్దుల్ని నడిపిస్తే, ఈయన గొర్రు వెంట నడుస్తూ దాని మీది కొయ్యగిన్నెలోకి పిడికిట్లోంచి రాగులు వదిలేవాడు. వెదురు గొట్టాల గుండా గింజ నేలలోకి జారేది. రాగిగింజ ఎంతుంటుందో తెలుసుగా. అయినా ఆయన సాలులో జానెడు ఖాళీ కనిపించేది కాదు.

ఒక ఏడు ఆసామి ట్రాక్టరుకి తగిలించే విత్తే మిషను కొన్నాడు. ఇనప పెట్టె, కింద రబ్బరు గొట్టాలు. నా సాళ్ళు పాము పాకినట్టు వచ్చాయి, మధ్యమధ్య బట్టతలలు. టీ అంగడి దగ్గర పదిమందిలో ముసలాయన నిదానంగా అన్నాడు.

"ఏడో క్లాసు దాటనోడు ఏడు సాళ్ళు తిన్నగా తోల్తాడా అప్పా?"

అంగడంతా నవ్వింది. ఊళ్ళో నవ్వించే హక్కు నాదే అనుకునేవాణ్ణి. ఇంకొకడు నవ్వించడం, అదీ నా మీద, అన్నం తింటున్నా గుర్తొచ్చేది.

మరుసటి ఏడు ఆసామి ఎద్దులకీ డీజిలుకీ రెంటికీ ఎందుకు పెట్టాలన్నాడు. ఆరెకరాల చేను సగం మామకి, సగం నాకు. ఎవరి సగం బాగా మొలిస్తే ఇకమీదట చేలన్నీ వాళ్ళే విత్తాలి. నేను ఓడినా దున్నే పని ఉంటుంది. ఆయనకి సెంటు నేల లేదు. విత్తే పని పోతే ఎద్దులు పోతాయి, ఎద్దులు పోతే ముసలాళ్ళిద్దరికీ సంగటి ఉండదు.

ఆసామి ఇంటి వెనక పాతర ఉండేది. నేలలో బావిలా తవ్వి, రాగులు పోసి, రాతిబిల్ల మూసి మన్ను కప్పుతారు. ఏళ్ళు గడిచినా ఆ రాగులు సంగటికి బాగుంటాయి, విత్తనానికి పనికిరావు. లోపల ప్రాణం ఉండదు. ఆ వారమే పాతర తీశారు. విత్తనాల మూటలు చేనికి చేర్చే పని నాది. మామ మూట అడుగున పాతర రాగులు పోసి, పైన మంచివి కప్పాను.

మా వైపు విత్తే రోజు మూటకి బొట్టు పెట్టి, తొలి పిడికెడు చేటలో ఇంటి ఇల్లాలే ఇస్తుంది. ఆ తరవాత చేలో నిలబడి విత్తనానికి ఎవరూ వంకపెట్టరు. పెడితే ఆమె చేతికి వంకపెట్టినట్టే.

నాలుగో సాలు చివర ముసలాయన ఆగాడు. పిడికిలి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ ఇత్తనం యాడిది అప్పా? పాత వాసన వస్తా ఉండాది."

"అమ్మ బొట్టు పెట్టి ఇచ్చింది గదా మామా. అమ్మ చెయ్యి మంచిది కాదని పోయి చెప్పల్లా?"

ఆసామి భార్య గట్టు మీదే ఉంది. వాన దిగేలా ఉంది. ఆయన నా మొహం చూశాడు, ఆమె వైపు చూశాడు, గింజలు గిన్నెలోకి వదిలాడు.

ఆ సాయంత్రం టీ అంగడిలో నేను ఆయనలా వంగి, గొంతు వణికించి, "ఇత్తనం మంచిది కాదప్పా" అన్నాను. చేను మొలవకపోతే మామ ఇదే పాట పాడతాడు, చూస్తూ ఉండండి అన్నాను. అందరికీ నచ్చింది. రెండుసార్లు చేయించుకున్నారు.

వారం దాటాక నా సగం వంకరగానే అయినా పచ్చగా లేచింది. ఆయన సగంలో నాలుగు సాళ్ళు దారం కట్టినట్టు మొలిచాయి, మిగతాదంతా ఎర్రమన్ను. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని గింజలు తవ్వి, అరచేతిలో ఆసామికి చూపించాడు. ఇవి పాతర రాగులు, ఎవరో కలిపారు, విత్తనం మంచిది కాదు అన్నాడు. నేను వేసిన గొంతే, ఆ వంగడమే. ఒకడు కిసుక్కుమన్నాడు, తరవాత అందరూ. ఆసామి భార్య ఒక్కతే నవ్వలేదు.

"అయితే నేనిచ్చింది చచ్చిన ఇత్తనమంటావా?"

ఆయన అరచెయ్యి మూసుకున్నాడు.

ఆ సగం దున్నేసి మళ్ళీ విత్తింది నేనే. ఎద్దులు నెల తిరక్కుండా సంతకి పోయాయి. ఆసామి జాలిపడి ముసలాయనకి మిషను వెనక పలక మీద నిలబడే పని ఇచ్చాడు. రబ్బరు గొట్టాల్లో మన్ను ఇరుక్కుంటే పుల్లతో పొడవాలి. పొగ, దుమ్ము ఆయన మొహానికే. నేను అవసరం లేకపోయినా బ్రేకు వేసేవాణ్ణి. ఒకసారి గడ్డం ఇనప పెట్టెకి కొట్టుకుని పన్ను ఊడింది. విత్తనంలో కలిసిందేమో, మొలిస్తే మామ పళ్ళు కోసుకోవచ్చన్నాను. కూలివాళ్ళు నవ్వారు. పని నిలబెట్టుకోవాలిగా, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఆయనా నవ్వాడు. అప్పటినుంచి నేను ఏమన్నా నవ్వేవాడు, కొన్నిసార్లు మాట పూర్తికాకముందే.

రెండువేల సంవత్సరం దాటాక ఆసామి కొత్త ట్రాక్టరు, దాంతోపాటు కొత్త మిషను తెచ్చాడు. గొట్టాలు మూసుకోవు, వెనక మనిషి అక్కర్లేదు. ఆ సంగతి మామకి చెప్పమని నాకే అప్పజెప్పాడు. వాళ్ళ ఇంటి ముందు నిలబడి చెప్పాను.

"మామా, రేపట్నించి నువ్వు రావద్దంట. మిషనే అంతా చూసుకుంటాదంట."

ఆయన గట్టిగా నవ్వాడు. లోపలున్న భార్యని పిలిచి, వీడేమంటాడో విన్నావా అన్నాడు.

నిజమే మామా, అనొచ్చు. అనలేదు. నేనూ నవ్వి వచ్చేశాను.

మర్నాడు వెలుగు రాగానే పుల్ల పట్టుకుని చేనికి వచ్చాడు. కొత్త మిషను వెనక్కి వెళ్ళి, ఎక్కడానికి కాలెత్తి, పలక కోసం వెతుకుతున్నాడు.