వెనక సీటు

మా నాయన బతుకంతా ఫియట్ టాక్సీ నడిపాడు, పక్క ఖోలీలో ఉండే పెద్దనాయన సేటుగారి అంబాసిడర్ నడిపాడు. రెండు బండ్లూ ఎప్పుడో తుక్కులోకి పోయాయి. మొన్న దసరానాడు బొంబాయి కామాఠిపురాలో మా చాల్ మేడ కింద అందరూ బండ్లు కడిగి టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే, వరండాలో ముసలాళ్లిద్దరూ ఎవరి బండి గొప్పదని మళ్లీ మొదలుపెట్టారు.

"నాది పదిహేను వందల సీసీ, తమ్మీ" అన్నాడు పెద్దనాయన.

"ఉంటే ఏంది? ఈ గల్లీల మలుపు తిరుగుతదా? నాది ఒక్క దెబ్బకు తిరిగేది" అన్నాడు నాయన.

"ఎనక సీటు జూడు, పరుపు లెక్క!"

నాకు ఒళ్లు మండింది. "ఆ సీట్ల మీరెన్నడన్న కూసున్నరా? ఎంతైనా డ్రైవర్లే గదా!"

పెద్దనాయన తల దించుకున్నాడు. నాయన నన్నే చూస్తూ అన్నాడు: "నేను కూసున్న బిడ్డా, ఒక్కసారి. దవాఖాన నుంచి మీ అమ్మ పీనుగను ఒళ్లె పెట్టుకొని మీ పెద్దనాయన నడుపుతుంటే అండ్లనే వచ్చిన. మెత్తగనే ఉండె."