కార్ఖానా మూతపడితే చెలక పిలిచింది

లడాయి నడిచినన్నాళ్లు సిద్దిపేట అంచున, యుద్ధంలోని పటాలాలకు మాంసం ఎండబెట్టి పంపే కార్ఖానా ఒకటి ఉండేది. బలిసిన పొట్టేళ్లను ఎన్ని తోలుకుపోయినా కాదనకుండా కొనేవారు. ఆ ఆశతో మా ఆయన మల్లయ్య, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా, ఈనే గొర్రెలన్నీ అమ్మేసి ముప్పై పొట్టేలు పిల్లలను కొన్నాడు. ఏడాది మేపాం. ఎండలు ముదిరి మేత అడుగంటాక, వాటిని అమ్మి గింజలూ నాలుగు తల్లి గొర్రెలూ తెచ్చుకుందామని చిన్నకోడూరు నుంచి బయలుదేరాం. అమ్ముడుపోకపోతే వానల దాకా మాకూ తిండి లేదు, మందకూ లేదు.

ఒంటిగా నడిస్తే ఆ దారి ఒక పూట కూడా పట్టదు. మందతో కోడికూతకు కదిలినా, చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. దారిలో అణా పెడితే ముంతెడు చల్ల దొరికింది, అదొక్కటే ఖర్చు. తీరా చూస్తే కార్ఖానా తలుపుకు తాళం. అక్కడ పొట్టేళ్లు కోసే ఖాసిం భాయ్ గోడ నీడన కూర్చుని ఉన్నాడు.

"లడాయి ఖతమైంది మల్లన్నా. మిలిటరోళ్లకు ఇగ మాంసం వద్దంట. మా పని గూడ పోయింది."

"మరి గివన్ని ఎవలకు అమ్మాలె భాయ్?"

"అందరు గిట్లనే తోలుకొచ్చిన్రు. నేను రెండు తీస్కుంట, గంతే."

నాకు ఒళ్లు మండింది. "ఈనే గొర్రెలమ్మి పొట్టేళ్లు కొన్న నీ తెలివికి దండం పెట్టాలె!" అన్నాను. మా ఆయన రెండు పొట్టేళ్లను విడదీసి ఖాసిం భాయ్‌కి అమ్మాడు.

"తిట్టుడు ఇంటికి పోయినంక, చెల్లె. ముందుగాల తినున్రి" అంటూ ఖాసిం భాయ్ తన మూటలోని జొన్నరొట్టెల్లో సగం మాకు పెట్టాడు. "చెలకల పొంటి పోన్రి. ఎరువు లేక రైతులు మందల కోసం చూస్తున్రు" అని చెప్పాడు.

రాత్రిళ్లు మందను చెలకలో, అంటే మెట్టచేనులో, ఆపితే పెంట భూమికి, గింజలు మాకు. తాతలనాటి పద్ధతే. కార్ఖానా వచ్చాక, పొట్టేళ్ల బరువు తగ్గుతుందని మేమే ఏ రైతు పిలిచినా పోలేదు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

పొద్దు వాలేవేళ రాజిరెడ్డి పటేలు చెలక గట్టున ఎదురుపడ్డాడు.

"నిరుడు పిలిస్తే పలకకుంట పోతివి గదనోయ్ మల్లయ్యా!"

నేనే చేతులు జోడించాను. "తప్పైంది పటేలా. గీ మూగజీవాలకింత జాగ ఇయ్యున్రి."

"మీ కార్ఖానా మూతపడ్డది గని, నా చెలక ఆకలి మూతపడ్డదా? దింపున్రి మందను."

ఆ సాయంత్రమే వాళ్లింటి నుంచి వేడివేడి జొన్నగటక వచ్చింది. మొదటి ముద్ద మల్లయ్యకే పెట్టాను, మధ్యాహ్నం అన్న మాటలకు నాకే సిగ్గేసి. ఆ చెలక తర్వాత మరొకటి, వానల దాకా మాకు గింజలకూ, మందకు చెలకల్లో మిగిలిన మేతకూ కొదవ లేదు. తొలకరి పడ్డాక పటేలు ఒక చూడి గొర్రెను తెచ్చి, తాడు మల్లయ్య చేతికిచ్చాడు. మా ఆయన అందరి ముందూ ఏడ్చేశాడు.

పని పోయినవాడు పెట్టిన రొట్టె, మేం కాదన్నవాడు ఇచ్చిన జాగ. ఆ రెండింటి వల్లే బతికాం, ఆ రుణం తీరేది కాదు. మందతో ఆ దారిన పోయేవారికి ఒక్క మాట: చెలకలో నుంచి రైతు పిలిస్తే, పోలేకపోయినా సరే, ఆగి ఎందుకో చెప్పి పోండి.