మరిది కంటికి డ్రమ్ముడు నీళ్లు

యాసిడ్‌ని నీళ్లలో పోయాలి గాని, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. రైల్వే వర్క్‌షాపు బ్యాటరీ సెక్షన్‌లో రిటైరైన మా మామగారికి ఇది వేదం. బడిలో కెమిస్ట్రీ చెప్పే నేనూ పిల్లలకి అదే నూరిపోస్తాను. అంత మంచి సూత్రం మా మరిది కన్ను తీసెయ్యబోయింది!

ఆ ఉదయం ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టర్ వరండాలో మరిది ఇన్వర్టర్ బ్యాటరీల కోసం యాసిడ్ కలుపుతున్నాడు. ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ పని మానేసి ఈ కంపు ఇంట్లో పెట్టాడని మా ఆయనకి ఒళ్లు మంట. మాటామాటా పెరిగింది.

"నువ్వేటి నాకు సెప్పేది?" అన్నాడు మరిది.

మా ఆయన వాడి మెడ పట్టుకుని గోడకేసి కొట్టారు. వాడు ఆయన ముక్కు మీద గుద్దాడు. చొక్కా నిండా రక్తం. పక్కింటి బెంగాలీ దాదా గోడ మీంచి "ఛాడో, ఛాడో!" అని, వదలమని అరుస్తూనే ఉన్నాడు. మా ఆయన కాలెత్తి తన్నారు. ఆ తన్ను తమ్ముడికి తగల్లేదు, స్టూలు మీది మగ్గుకి తగిలింది. అందులోని చిక్కటి యాసిడ్ ఎగిరి వాడి ఎడమ కంట్లో పడింది.

వాడు కన్ను పట్టుకుని అరిచాడు.

నేను నీళ్ల డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాను. మామగారు నా చెయ్యి పట్టేసుకున్నారు. "నీల్లు పొయ్యకమ్మా, పేలిపోతాది! సోడా తెండి, సోడా!" అత్తగారు వంటసోడా డబ్బా తెచ్చేశారు కూడా.

నీటి అణువుకి ఒక కొసన కాస్త ధనావేశం, ఇంకో కొసన కాస్త ఋణావేశం. ఆ కొసలతోనే అది యాసిడ్‌ని పీకి తనలో కలిపేసుకుంటుంది. అప్పుడే వేడి పుడుతుంది. చెంబుడు నీళ్లైతే ఆ వేడికి అవే మరిగిపోతాయి. ధారగా పోస్తూనే ఉంటే వేడినీ యాసిడ్‌నీ కలిపి పట్టుకుపోతాయి. బోలెడు వేడి మింగితే గాని నీళ్లు వేడెక్కవు. మన ఒంట్లో సగానికి పైగా అవే. రక్తం ఉడికిపోతోందని ఊరికే అంటాం గాని, ఎంత కోపమొచ్చినా ఉడకదు.

ఇదంతా ఆయనకి ఎప్పుడు చెప్పి చావను? "ఒరేయ్, వదలరా!" అన్నాను. మామగారినే! వదల్లేదు. చెయ్యి కొరికాను. సోడా కంట్లోనే పొంగుతుంది గాని యాసిడ్‌ని కడిగెయ్యదు; డబ్బా లాగి పెరట్లోకి విసిరాను.

మరిది జుట్టు పట్టుకుని తల వంచాను. గింజుకుంటుంటే మోకాలితో నొక్కి, వేళ్లతో రెప్పలు విడదీసి పోశాను. "చూస్తారేం? ముంచండి!" అని మా ఆయన్ని తిట్టాను. ఆయన ముక్కు రక్తం తుడుచుకోకుండా బకెట్ల మీద బకెట్లు అందించారు. డ్రమ్ము అడుగంటింది. ఆస్పత్రికి ఆటోలో కూడా సీసాలతో పోస్తూనే వెళ్లాం.

కట్టు విప్పిన రోజు అందరం మరిది చుట్టూ నిలబడ్డాం. మామగారి చేతి మీద నా పళ్ల గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి. డాక్టరు మరిది మంచి కంటిని అరచేత్తో మూసి, "క్యా దిఖ్ రహా హై?" అని, ఏం కనబడుతోందని అడిగాడు.

మరిది కాసేపు చూశాడు. "మా అన్న," అన్నాడు. అలా ఒంటికన్నుతోనే లేచి ఒక్కటిచ్చాడు. మా ఆయన చెంప ఛెళ్లుమంది.

గురి ఎక్కడా తప్పలేదు. "నా తండ్రే, కనబడతంది!" అని అత్తగారు ఏడ్చేశారు. చెంప పట్టుకుని మా ఆయన కూడా భోరుమన్నారు.