పుల్ల మాస్టారు చూసుకోని రోజు

విమానం నడపడం నేర్పే ఆ చిన్న బడిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ పుల్ల మాస్టారే. రెక్క మీది మూత తీసి, గీతలు గీసిన కర్రపుల్లను ట్యాంకులో ముంచి, ఎంతదాకా తడిసిందో కళ్లారా చూసుకుంటే తప్ప ఇరవై ఆరేళ్లలో ఒక్క శిష్యుణ్నీ గాల్లోకి లేవనివ్వలేదు. "ఎదురుగా ఉన్న మీటరు ముల్లు సగం ఉందంటుంది. దాన్ని నమ్మావా, నీ పని అయిపోయినట్టే" అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. వారానికోసారి గ్యాస్ బండ ఎత్తి ఊపి చూసేవాడు. "నయం, నన్ను పుల్లతో కొలవలేదు" అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేది.

ఒకనాడు బడి యజమానికి ఒక ఆలోచన పుట్టింది. జాగ్రత్త గురించి పెద్ద పోస్టరు వేయించి గోడలకు అంటించాలన్నాడు. అందులో మాస్టారే ఉండాలన్నాడు. మాస్టారు నాకెందుకండీ అంటూనే మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ఫోటో కోసం నిలబెట్టింది పొద్దుటి నుంచి శిష్యులు మూడుసార్లు ఎగిరి వచ్చిన విమానాన్ని. మెకానిక్ పెట్రోలు బండి తోసుకొస్తుంటే యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫోటోలో ఆ మురికి బండి ఎందుకయ్యా? పెట్రోలు తర్వాత పోద్దువుగాని."

మెకానిక్ బండిని షెడ్డులో పెట్టి భోజనానికి వెళ్లాడు.

ఫోటోగ్రాఫరు మాస్టారి చేత పదకొండుసార్లు పుల్ల ముంచించాడు. "నవ్వండి. అబ్బే, నవ్వొద్దు, గంభీరంగా ఉండండి. గడ్డం కాస్త పైకి." అంతా అయ్యాక ఆకాశం వంక చూసి, "వెలుగు భలేగా ఉంది మాస్టారూ, పైనుంచి కూడా నాలుగు తీసుకుందాం" అన్నాడు. అన్నిసార్లు పుల్ల ముంచిన మనిషికి, చూసుకోలేదన్న అనుమానం ఎక్కణ్నుంచి వస్తుంది? ఇద్దరూ ఎక్కి ఎగిరారు.

పావుగంటకు ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఫోటో కదలకుండా ఆపారా మాస్టారూ?"

"నేను ఆపలేదు. అదే ఆగింది. కెమెరా ఒళ్లోంచి తీసి కింద పెట్టు, బెల్టు బిగించుకో."

భయపడే తీరిక ఆయనకు లేదు. సిగ్గు మాత్రం ముంచుకొచ్చింది. చెవులు కాలిపోతున్నా కరెంటు తీగలు తప్పించి, క్యాబేజీ తోటలో దింపాడు. ముందు చక్రం తడిమట్టిలో కూరుకుపోయి, తోక పైకి లేచి, విమానం మూతి నేలకు గుచ్చుకుంది. ఫోటోగ్రాఫరు నుదురు చిట్లింది. మాస్టారి భుజం ఎముక విరిగింది.

తోటకు నీళ్లు పెడుతున్న ముసలామె పరుగున వచ్చింది.

"ఏమైంది నాయనా?"

"పెట్రోలు అయిపోయిందమ్మా."

ఆమె విమానాన్ని, ఆయన్ని మార్చి మార్చి చూసింది. "బయల్దేరేముందు చూసుకోవద్దూ?"

"చూసుకోవాలమ్మా" అన్నాడు మాస్టారు.

విచారణకు అధికారి వచ్చే ముందురోజు యజమాని ఆస్పత్రి గదిలో మంచం పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"పెట్రోలు గొట్టం కారిందని చెబుదాం. మీ పరువూ నిలుస్తుంది, బడి పరువూ నిలుస్తుంది."

"గొట్టం బిగించిందెవరు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మెకానిక్ తల వంచుకున్నాడు.

మర్నాడు అధికారి ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాడు. "పదకొండు ఫోటోల్లోనూ మీరు కొలుస్తూనే ఉన్నారు కదండీ?"

"కొలవడం లేదండీ. కెమెరా వంక చూస్తున్నాను. తప్పు నాది, రాసుకోండి."

ఆరు నెలలపాటు ఎగరకూడదన్నారు. తోక ఎత్తిన విమానం ఫోటో పేపర్లో పడేసరికి బడి మూతపడుతుందనుకున్నారంతా. జరిగింది వేరు. ఇంజను ఆగినా ఇద్దర్ని బతికించిన మాస్టారి దగ్గరే నేర్చుకుంటామని కొత్తవాళ్లు వరస కట్టారు. భుజానికి కట్టుతో ఆయన నల్లబల్ల దగ్గర పాఠాలు చెప్పాడు. "భలే దింపారు మాస్టారూ" అని ఎవరైనా అంటే మాత్రం ఆ పూట పాఠం ఆపేసేవాడు.

ఒక ఆదివారం మెకానిక్ సంచితో ఇంటికొచ్చాడు. వంటింట్లో నెలరోజులుగా కారుతున్న కుళాయి విప్పి, లోపలి రబ్బరు మార్చి, తిరిగి బిగించాడు. టీ తాగమన్నా ఆగలేదు.

"మనం పిలవలేదు కదండీ, ఎందుకొచ్చాడు?" అంది భార్య.

"ఊరికే" అన్నాడు మాస్టారు, వీధి మలుపు దాకా అతన్నే చూస్తూ.